అడవి ఆర్కిడ్ మన డెల్టాకు అలవాటు పడుతుందా?

మీరు అడిగింది మిగతావాళ్లకూ తెలియడానికి ముందు రెండు ముక్కల్లో చెబుతాను. గోదావరి డెల్టాలో ముమ్మిడివరం దగ్గర మీ పెరటి మామిడి మీద ఎవరూ పెట్టకుండానే ఒక వాండా ఆర్కిడ్ పెరిగింది. ఏనాడూ నీళ్లు పోయలేదు, అయినా ఏటా పూస్తోంది. మీ మావయ్యగారు రంపచోడవరం వైపు గాలివానకు విరిగిపడిన కొమ్మ నుంచి తీసి ఇచ్చిన మొక్క, పూలు పొడవాటి గుత్తిగా వేలాడే రింకోస్టైలిస్. దాన్ని కొబ్బరి డొక్కలో పెట్టి వరండా చూరుకు వేలాడదీసి, బోరు నీళ్లు పోస్తున్నారు. మొదటి ఏడు బాగానే ఉంది, రెండో వేసవికి ఆకులు ముడుచుకుపోయాయి. ఇక సిక్కిం వెళ్లిన బంధువులు అక్కడి నర్సరీలో కొని తెచ్చిన డెండ్రోబియం నోబిలే ఏపుగా పెరుగుతోంది కానీ పూలకు బదులు కణుపుల దగ్గర పిల్లలు పెడుతోంది. అడవి జాతులు ఎక్కడైనా మెల్లగా అలవాటు పడతాయంటారు కదా, ఇంకెన్నాళ్లు ఆగాలి అన్నది మీ ప్రశ్న.

ఆగితే అలవాటు పడుతుందన్న మాటలో సగమే నిజం ఉంది. ఆకు పుట్టేటప్పుడు దాని మందం, పైన మైనపు పూత, అడుగున ఉండే పత్రరంధ్రాల సంఖ్య అప్పటి వెలుతురునూ గాలిలో తేమనూ బట్టి ఖరారవుతాయి. తర్వాత ఎండ పెరిగితే రంగు కొంచెం మారవచ్చు గానీ ఆ కట్టుబడి మారదు. రంపచోడవరం నీడలో విచ్చుకున్న ఆకు ముమ్మిడివరంలో మూడేళ్లున్నా రంపచోడవరం ఆకే. వేరు ఇంకా మొండిది. గాలిలో పుట్టిన వేరును తడి డొక్కలో పెడితే కుళ్లుతుంది, డొక్కలో పుట్టిన వేరును గాలికి వదిలితే ఎండుతుంది. అందుకని మొక్క అలవాటు పడటం అంటే పాత ఆకూ పాత వేరూ మారిపోవడం కాదు, అవి రాలిపోయేలోగా వాటి స్థానంలో మన గాలిలో పుట్టినవి రావడం. వాండా కుటుంబానికి చెందిన మొక్కలు ఏడాదికి నాలుగైదు ఆకులకు మించి వేయవు కాబట్టి ఈ మార్పిడికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోపు మొక్క పాత నిల్వల మీద బతుకుతుంది. మొదటి ఏడు బాగుండి రెండో వేసవికి పడిపోవడం వెనక ఉన్నది ఇదే.

ఆ కొత్త ఆకు, కొత్త వేరు ఎంతవరకు మారగలవన్నదానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు గీసింది మీరూ నేనూ కాదు, ఆ జాతి వేల ఏళ్లుగా చూసిన ఎండలూ చలీ వానలూ. మీ మూడు మొక్కలూ ఈ హద్దుకు మూడు వేరువేరు చోట్ల నిలబడి ఉన్నాయి, అందుకే విడివిడిగా చెప్పాలి.

మామిడి మీద ఉన్నది, పసుపు గోధుమ గళ్ల రేకులు, ఊదా రంగు పెదవి, పగటిపూట తియ్యటి వాసన అన్నారు కాబట్టి, వాండా టెస్సెలాటా. ఇది అచ్చంగా మన మొక్క. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు కాకినాడ పక్కన సామర్లకోటలో ఉండి, అక్కడొక తోట పెంచి, చుట్టుపక్కల మొక్కలకు బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పని 1795లో అచ్చయినప్పుడు వాండా టెస్సెలాటా, అకాంపే ప్రీమోర్సా అనే ఇంకో ఆర్కిడ్ రెండూ అందులో ఉన్నాయి. వాటి పేర్లలో రెండో సగం ఇప్పటికీ ఆయన పెట్టినదే. ప్రపంచమంతా వాడుతున్న పేరు మన గోదావరి పక్కన ఖరారైందన్నది నాకు గర్వంగా ఉంటుంది. మన పిల్లలకు బళ్లో ఎవరూ చెప్పరు.

ఒక అపోహ తీర్చాలి. వాండా చెట్టు రసం పీల్చదు. బదనిక వేరు కొమ్మ లోపలికి దిగి చెట్టు నీళ్లనే తాగుతుంది. వాండా వేరు బెరడు మీద పాకుతుందే తప్ప లోపలికి పోదు. కాపు తగ్గిందని వాండాను పీకి పారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మామిడి కాపుకూ ఈ మొక్కకూ సంబంధం లేదు.

నీళ్లు లేకుండా ఎలా బతుకుతోందన్నది అసలు చూడవలసిన విషయం. దాని వేళ్లు ఎండినప్పుడు తెల్లగా, తడిస్తే ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఆ తెల్లటి పొర పేరు వెలామెన్. అది చచ్చిపోయిన కణాల పొర, లోపల ఖాళీ గదులు. వాన చుక్క పడగానే నిమిషంలోపే ఆ గదులు నిండిపోతాయి, ఆ నీళ్లు మళ్లీ ఆరడానికి గంటలు పడుతుంది. ఈలోపు లోపలి బతికున్న వేరు తీరిగ్గా తాగుతుంది. వానలో కూడా మొదటి జల్లే విలువైనది. కొమ్మల మీద పేరుకున్న దుమ్ము, పిట్టల రెట్ట, కుళ్లిన ఆకుల పొడి కడుక్కుని బెరడు వెంట కిందికి దిగే ఆ మురికి నీళ్లే దాని ఎరువు. మృగశిర కార్తెలో పడే తొలి వాన తర్వాత పది పన్నెండు రోజులకు వేళ్ల కొసలు చూడండి, ముదురు ఆకుపచ్చగానో ఊదాగానో కొత్త మొన బయటికొస్తుంది. చలికాలంలో తెల్లవారుజామున మన దగ్గర పట్టే మంచు కూడా ఈ వేళ్లకు పనికొస్తుంది. వాన లేని నెలల్లో నాలుగు చుక్కలు అందేది దాని వల్లే.

ఆకు చేసే పని ఇంకో రకం. మామూలు మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరుస్తాయి, వాండా రాత్రి తెరుస్తుంది. రాత్రి లోపలికి తీసుకున్న బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి దాచుకుని, పగలు రంధ్రాలు మూసేసుకుని ఆ నిల్వతో ఆహారం తయారు చేసుకుంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని క్యామ్ పద్ధతి అంటారు, బ్రహ్మజెముడూ అనాసా చేసేదీ ఇదే. కోనసీమలో ఇది అద్భుతంగా కుదురుతుంది. మే నెల మధ్యాహ్నం వడగాలి ఎంత కొట్టినా సాయంత్రానికి సముద్రం మీంచి పైరగాలి తిరుగుతుంది, రాత్రి గాలి చెమ్మగా ఉంటుంది. చెమ్మ గాలిలో రంధ్రాలు తెరిస్తే మొక్క పోగొట్టుకునే నీళ్లు చాలా తక్కువ. అంటే మనకు ఉక్కపోతతో నిద్రపట్టని రాత్రే దానికి అనుకూలమైన రాత్రి.

దాని నిలబడే తీరు కూడా గమనించండి. నిటారుగా ఉండదు, కొమ్మ నుంచి బయటికి వాలి ఉంటుంది. ఆకులు గాడిలా మడిచి ఉంటాయి కాబట్టి చిరుజల్లు నీళ్లు కాండం వైపు జారి వేళ్లకు అందుతాయి, జోరు వానలో మొవ్వులో నీళ్లు నిలవవు. కార్తీకంలో తుపాను పట్టి మూడు రోజులు ముసురు వదలకపోతే మొవ్వు కుళ్లి చచ్చేవి మనం కుండీల్లో నిటారుగా నిలబెట్టినవే, చెట్టు మీద వాలి ఉన్నవి కాదు. వేసవిలో కింది ఆకులు పసుపెక్కి రాలడం, ఉన్న ఆకులు నిలువుగా ముడతలు పడటం దానికి మామూలే, టెన్షన్ పడనక్కర్లేదు. మొవ్వు గట్టిగా ఆకుపచ్చగా ఉంటే మొక్క క్షేమం. మొవ్వు ఆకు వేలితో లాగితే ఊడి వచ్చిందంటే అప్పుడు కంగారు పడాలి.

ఇక మన వాతావరణం సంగతి. పైనుంచి చూస్తే డెల్టా అంతా ఒక్కటే. ఆర్కిడ్ వైపు నుంచి చూస్తే అమలాపురం కొబ్బరి తోట వేరు, జగ్గంపేట మెట్ట వేరు, ఓడలరేవు తీరం వేరు. కొబ్బరి తోట లోపల మధ్యాహ్నం కూడా నీడ కదులుతూ ఉంటుంది, వడగాలి నేరుగా తగలదు. మెట్టలో పగలు వేడి ఎక్కువ, రాత్రి చెమ్మ తక్కువ, అక్కడ ఇదే వాండా పొట్టిగా, దగ్గర దగ్గర ఆకులతో, పసుపు కలిసిన ఆకుపచ్చలో ఉంటుంది. తీరంలో సముద్రానికి ఎదురుగా ఉన్న వైపు ఉప్పు గాలికి వేరు మొనలు మాడిపోతాయి, అదే చెట్టుకు పడమటి వైపు పెడితే పర్వాలేదు. మీ మామిడి మీది మొక్కను తీసుకెళ్లి జగ్గంపేటలో కట్టినా అది ఒకటి రెండేళ్లు ఇబ్బంది పడుతుంది. జాతి అదే అయినా ఒంటి మీది ఆకులు కోనసీమవి కదా.

డెల్టాకే ప్రత్యేకమైన ఇంకో సంగతి ఉంది, దీన్ని ఆర్కిడ్ల పుస్తకాల్లో ఎక్కడా చూడలేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా దాళ్వా, అంటే రెండో పంట వరి చేలల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, కాలవలు పారుతుంటాయి. వాన లేకపోయినా గాలి ఎండిపోదు. దాళ్వా కోతలు అయ్యాక కాలవలు కట్టేస్తారు. చేలు బీటలు తీస్తాయి, పడమటి గాలి మొదలవుతుంది. ఎండ డిగ్రీలు ఎలా ఉన్నా, గాలిలో చెమ్మ మాత్రం రెండు మూడు వారాల్లో పగటిపూట బాగా పడిపోతుంది. అడవిలో చెట్లు మెల్లగా ఆకు రాల్చి, ఎండ మెల్లగా పెరిగి, మొక్కకు సర్దుకునే వ్యవధి ఉంటుంది. ఇక్కడ మార్పు ఒక్కసారిగా వస్తుంది. కాలవలు కట్టేసిన మొదటి నెలే మన దగ్గర బయటి ఆర్కిడ్లు ఎక్కువగా పోయే నెల. పొద్దున్నే తడపడం, నేల మీద నీళ్లు చల్లి ఉంచడం, పడమటి వైపు గ్రీన్ నెట్ కట్టడం, ఈ శ్రమంతా రోహిణి కార్తె దాకా వాయిదా వేయకుండా ఆ నెలలోనే పెట్టాలి.

అదే నెలలో రెండో దెబ్బ నీళ్ల రూపంలో పడుతుంది. కాలవ ఉన్నన్నాళ్లు గోదావరి నీళ్లు అందుతాయి, అవి తియ్యటి నీళ్లు. కాలవ కట్టేశాక అందరం బోరు మీద పడతాం. సముద్రానికి దగ్గరి మండలాల్లో బోరు నీళ్లలో ఉప్పు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. వరీ కొబ్బరీ తట్టుకునే ఉప్పును ఆర్కిడ్ వేరు తట్టుకోదు. వెలామెన్ తడిసి ఆరినప్పుడల్లా నీళ్లు పోయి ఉప్పు లోపల మిగిలిపోతుంది. వాన ఉంటే కడిగేస్తుంది, వేసవిలో వాన ఉండదు. అలా పేరుకుని వేరు మొన గోధుమ రంగుకు తిరిగి ఆగిపోతుంది. దీనికి తోడు మీరు పెట్టిన డొక్క. కొబ్బరి పీచులోనే ఉప్పు ఉంటుంది, ఉప్పుటేరులో నానబెట్టిన డొక్క అయితే మరీ ఎక్కువ. మంచినీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్లు మార్చి, మళ్లీ నానబెట్టి వాడాలి. నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి, ఖరీదు పెద్దగా ఉండదు. 200 లోపు వస్తే నిశ్చింతగా పోయండి, 500 దాటితే ఆర్కిడ్‌కు వద్దు. మధ్యలో ఉంటే ఊళ్లో ఆర్వో ప్లాంటు టిన్ను నీళ్లు సగం కలిపి వాడుకోవచ్చు. ఒకటి రెండు మొక్కలకు రోజుకు కావలసింది చెంబుడు నీళ్లే.

ఇప్పుడు రింకోస్టైలిస్ రెట్యూసా. ఇది శ్రీలంక నుంచి ఫిలిప్పీన్స్ దాకా పెరుగుతుంది. అస్సాంలో రాష్ట్ర పుష్పం, అక్కడ బిహూ పండుగకు ఆడపిల్లలు జడలో పెట్టుకుంటారు. మన తూర్పు కనుమల్లోనూ ఉంది. ఇంత విశాలంగా పెరిగే జాతి ఒకే రకంగా ఉండదు. అస్సాంలో మార్చి ఏప్రిల్ నుంచే జల్లులు మొదలవుతాయి, మన ఏజెన్సీలో ఆ నెలలు పొడిగా ఉంటాయి. ఎక్కడి గింజ నుంచి వచ్చిన మొక్క అక్కడి వేసవిని దాటిన తల్లి సంతానం. ప్రతి ఏటి వేసవి ఒక వడపోత, తట్టుకోలేని పిల్లమొక్కలు అందులో పోతాయి. అందుకే మన డెల్టాలో పెంచాలంటే అస్సాం నుంచి వచ్చిన దానికంటే తూర్పు కనుమల మొక్క నయమని నా నమ్మకం. మీ మావయ్యగారు ఇచ్చినది సరైన మొక్కే. దాని హద్దులోనే మన ఊరు ఉంది. చెడింది మొక్క కాదు, పెట్టిన చోటు.

వరండా చూరు కింద మూడు లోపాలున్నాయి. వాన తగలదు, కాబట్టి ఉప్పు కడిగే దారి లేదు. మంచు పట్టదు. వెలుతురు చాలదు, అందుకే కొత్త ఆకులు పొడుగ్గా, మెత్తగా, ముదురు ఆకుపచ్చగా వచ్చి ఉంటాయి. అలాంటి ఆకు చూడ్డానికి నిండుగా ఉంటుంది గానీ వేసవికి నిలవదు.

ఎండలు ముదిరాయి కాబట్టి ఇప్పుడే కదపొద్దు. డొక్క మాత్రం తీసేయండి. పట్టుకుంటే బోలుగా నొక్కుకుపోయి, లోపల దారం మాత్రం మిగిలిన వేళ్లను కత్తెరతో కత్తిరించండి, గట్టిగా ఉన్నవి ఎంత వంకరగా ఉన్నా ఉంచండి. తెల్లవారాక టిన్ను నీళ్లలో వేళ్లు మాత్రమే పావుగంట ముంచి, నీడలో గాలి ఆడేచోట వేలాడదీయండి. ఎరువు ఏమీ వద్దు. వానలు బాగా పట్టాక, ఆరుద్ర కార్తె నుంచి జులై చివరి లోపు, మీ మామిడికే కట్టండి. తూర్పు వైపు, మొదటి పంగకు కాస్త పైన, వాండా ఉన్న ఎత్తులోనే. ఆ ఎత్తులో వెలుతురు సరిపోతుందని ఆ వాండాయే మీకు చూపిస్తోంది. మొక్క వాలి ఉండేలా పెట్టి పాత నూలు గుడ్డ పేలికతో కదలకుండా కట్టండి. ఇనప తీగ వద్దు, వేరు కింద మట్టీ పేడా కొబ్బరి పీచు గుప్పెళ్లూ వద్దు. గాలికి మొక్క ఊగితే కొత్త వేరు మొన బెరడుకు రాసుకుని విరిగిపోతుంది, కట్టు బిగువు మీదే అంతా ఆధారపడి ఉంది. కొత్త వేరు బెరడుకు అతుక్కుని పాకడం మొదలైతే మొక్క నిలబడినట్టే. అప్పటినుంచి మొదటి రెండు వేసవులు మాత్రం, కాలవలు కట్టేశాక, పొద్దున్నే నీళ్లు చల్లండి. మూడో వేసవి నుంచి వాండాలాగే దాన్నీ వదిలేయవచ్చు.

చెట్టు ఎంపిక గురించి చాలామంది అడుగుతారు కాబట్టి ఇక్కడే చెబుతాను. మామిడి, చింత, ఇప్ప, పనస మంచివి. బెరడు గరుకుగా ఉండి, ఊడిపోకుండా, తడిని కాస్త పట్టి ఉంచాలి. జామ, నీలగిరి బెరడు పొరలుగా ఊడిపోతుంది, దాంతోపాటు వేరూ పోతుంది. కొబ్బరి మాను మీద బతుకుతాయి గానీ దింపు తీసేవాళ్లు ఎక్కినప్పుడల్లా వేళ్లు నలిగిపోతాయి.

డెండ్రోబియం నోబిలే దగ్గర మాత్రం మీకు నిరాశ కలిగించే మాటే చెప్పాలి. అది హిమాలయాల పాదాల మొక్క, సిక్కిం రాష్ట్ర పుష్పం. అక్కడ వానాకాలమంతా వేడిగా తడిగా ఉంటుంది, అందుకే మన దగ్గర కూడా వానాకాలంలో ఏపుగా పెరుగుతుంది. కానీ అక్కడి శీతాకాలం పొడిగా, రాత్రి 10 నుంచి 15 డిగ్రీల చలితో వారాల తరబడి సాగుతుంది. ఆ చలి తగిలితేనే కణుపు దగ్గరి మొగ్గ పువ్వుగా మారుతుంది. తగలకపోతే అదే మొగ్గ పిల్లమొక్క అవుతుంది. మన సంక్రాంతి చలి అంటే రాత్రి 18 డిగ్రీల చుట్టుపక్కల, అదీ కొద్ది రోజులు. కార్తీకం నుంచి నీళ్లు బాగా తగ్గించి, ఎరువు పూర్తిగా ఆపి, ఆకాశం కింద మంచు తగిలేలా పెడితే చలి గట్టిగా పడ్డ ఏడాది ఒకటి రెండు కణుపుల్లో పూలు రావచ్చు. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. పదేళ్లు ఆగినా దానికి మన శీతాకాలం చాలదు, ఎందుకంటే ఇది కొత్త ఆకుతో సర్దుకునే లోటు కాదు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది, అరకు ఎత్తు 900 మీటర్ల పైమాటే. అరకులోనో చింతపల్లిలోనో తెలిసినవాళ్లుంటే ఆ పిల్లలను వేళ్లు వచ్చాక విడదీసి పంపండి, అక్కడ పూస్తాయి.

ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ విషయంలోనూ గొడవ ఇదే. పూలతో కొంటారు, మళ్లీ పూయదు. దానికి పూకాడ రావాలంటే కొన్ని వారాలు 25 డిగ్రీల లోపు ఉండాలి, 28 దాటి ఉంటే ఆకులే వేస్తుంది.

దూరం నుంచి వచ్చినదంటే పనికిరాదని దీన్నిబట్టి అనుకోకండి. కడియం నర్సరీల్లో దొరికే డెన్‌ఫాల్ రకం డెండ్రోబియంలు మన దగ్గర హాయిగా పూస్తాయి. వాటి మూల జాతుల్లో ముఖ్యమైనది ఉత్తర ఆస్ట్రేలియాది. సముద్రమట్టం దగ్గర పెరుగుతుంది, నాలుగైదు నెలలు జోరు వాన, తర్వాత పొడి, చలి అంతంతమాత్రం. వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఆ ఊరి పంచాంగం మన పంచాంగానికి దగ్గర. అరకు మనకు ఒక రాత్రి ప్రయాణం, అయినా అక్కడి శీతాకాలం మనకు లేదు. మొక్క కొనేటప్పుడు ఎంత దూరం నుంచి వచ్చిందని కాదు, దాని సొంత ఊళ్లో వేడి రాత్రులెన్ని, పొడి నెలలెన్ని అని అడగండి.

పొడి నెలల విషయంలో ఒక చిక్కు ఉంది. మన కనుమల్లోని కొన్ని డెండ్రోబియంలు చలికాలం చివర ఆకులన్నీ రాల్చి మోడు కాడల మీద పూస్తాయి. అవి ఉండే చెట్లూ అప్పుడే ఆకు రాలుస్తాయి కాబట్టి ఆ రెండు నెలలు కాడకు నేరుగా ఎండ తగులుతుంది. డెల్టాలో మామిడి ఏడాదంతా పచ్చగా ఉంటుంది, కింద నీడ తీయదు. అలాంటి వాటిని ఆకు రాల్చే చెట్టుకు కట్టాలి. మోడుగా ఉన్న కాడకు చచ్చిందేమోనని నీళ్లు పోసేవాళ్లున్నారు, దాంతో నిజంగానే చస్తుంది.

నేల ఆర్కిడ్లు మీరు అడగలేదు గానీ ఆ ఆలోచన ఉంటే ఒక్కమాట. ఏజెన్సీ అడవుల్లో హాబెనేరియా, నెర్వీలియా, జియోడోరం లాంటివి తొలకరికి దుంప నుంచి లేచి, వానలు వెనకబట్టాక పైభాగం ఎండిపోయి, వేసవంతా నేలలో నిద్రపోతాయి. ఆ నిద్రకు నేల పొడిగా ఉండాలి. మన నల్లరేగడి దాళ్వా నీళ్లతో ఏప్రిల్ దాకా చెమ్మగానే ఉంటుంది, దుంప కుళ్లుతుంది. ఇసుక ఎక్కువ కలిపిన కుండీలో తప్ప పెట్టకండి. దీనికి పూర్తిగా ఎదురు జ్యూక్సీన్ స్ట్రాట్యూమాటికా అనే చిన్న ఆర్కిడ్. జానెడు కూడా ఉండదు, గడ్డిలో గడ్డిలా కలిసిపోతుంది, చలికాలంలో తెల్లటి చిన్న పూలు, మధ్యలో పసుపు. తడి బీళ్లలో, గట్ల మీద పచ్చికలో పెరుగుతుంది. అడవి అక్కర్లేదు, చెట్టు అక్కర్లేదు, పరాగసంపర్కం లేకుండా కూడా గింజ కడుతుంది. 1936లో అమెరికాలోని ఫ్లోరిడాలో మొదటిసారి కనిపించి, ఇప్పుడు అక్కడి ఇళ్ల ముందు గడ్డిలో మామూలైపోయింది. సంక్రాంతికి మీ ఊరి గట్ల మీద వంగి వెతకండి.

మీ మామిడి మీద వాండా పిల్లలు కూడా మొలిచాయన్నారు, అది చాలా మంచి సంగతి. ఆర్కిడ్ గింజ దుమ్ములాంటిది, లోపల ఆహారం ఉండదు. మొలవాలంటే ఒక రకం బూజు దాని లోపలికి చేరి తిండి అందించాలి. ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్డ్ 1899లో ఈ గుట్టు పట్టుకున్నాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ ఆ బూజు లేకుండా చక్కెర కలిపిన మాధ్యమంలో మొలిపించాడు, నర్సరీ ఆర్కిడ్లు చాలావరకు ఆ దారిన వచ్చినవే. అంటే పెద్ద మొక్కను ఎక్కడికైనా తీసుకెళ్లి బతికించవచ్చు గానీ, దాని పిల్లలు మొలిచేది ఆ బూజు ఉన్న బెరడు మీదే. మీ చెట్టు బెరడు మీద అది ఉంది. బూడిద తెగులుకు ఏటా మందు కొట్టే తోటల్లో పాత వాండాలు కనిపిస్తాయి గానీ పిల్లలు కనిపించడం అరుదు. మీ చెట్టు మొదలుకు సున్నం వేస్తే వేయండి గానీ, పిల్లలున్న కొమ్మల వైపు బూజు మందులు కొట్టకండి. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో ఎన్ని పాత చెట్లు పోయాయో మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ చెట్లతోపాటు ఇలాంటి బెరడూ పోయింది. తర్వాత నాటిన చెట్లు ముదిరి, బెరడు గరుకెక్కి, గింజ చేరి, మొలిచి, పూయడానికి దశాబ్దాలు పడుతోంది.

మావయ్యగారు విరిగిపడిన కొమ్మ నుంచి తీయడం సబబే. నిలబడ్డ చెట్టు మీది మొక్కను మాత్రం ఎవరూ పీకకూడదు. పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం, అక్కడ ఆకు తెంపినా నేరం. అది అలా ఉంచి, అడవిలో పీకిన మొక్కల్లో ఎక్కువ భాగం ఇంటికొచ్చాక పోతాయి. ఎందుకు పోతాయో పైన రాసినదంతా చదివితే తెలుస్తుంది. మొక్కలు కావాలంటే రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసే పాత మామిడి, చింత చెట్ల దగ్గరికి వెళ్లి, నరికేవాళ్లను అడిగి కొమ్మతో సహా తెచ్చుకోండి. అక్కడ తీయకపోతే పొయ్యిలోకే పోతాయి, పైగా మన ఎండలో పుట్టిన ఆకులతోనే వస్తాయి.

ముందు బోరు నీళ్ల టీడీఎస్ చూసి ఎంత వచ్చిందో రాయండి. రింకోస్టైలిస్ వేళ్లు కత్తిరించాక గట్టివి ఎన్ని మిగిలాయో, మొవ్వు ఏ రంగులో ఉందో కూడా చెప్పండి. రెండు మూడు గట్టి వేళ్లు ఉంటే వానల దాకా లాక్కురావచ్చు. ఒక్కటీ లేకపోతే పద్ధతి వేరు, అప్పుడు ఆకుల బరువు తగ్గించి, మూత వదులుగా పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో చెమ్మలో ఉంచి వేరు రప్పించాలి, ఆ వివరం విడిగా రాస్తాను.